ముద్ర మారిన కాలము

నెల్లూరు మండలమందలి తామ్రశాసనములను, శిలాశాసనములను బట్టర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. రాగిరేకులను గ్రుచ్చిన కడియపు కొనలు రాజముద్రలో ఇమిడియుండును. పల్లవులది వృషభము, తూర్పు చాళుక్యులది వరాహము. ముద్ర విరుగనిదే రేకు మారదని నమ్మకము. అయినను దొంగశాసనములు పుట్టకపోలేదు.

నేటి కంప్యూటరు లోకమునను ఇట్టి ముద్ర కలదు. దానిని హాష్ అందురు. గ్రంథమెంత పెద్దదైనను దాని ముద్ర చిన్న సంఖ్యయే. ఒక్క యక్షరము మారిన ఆ సంఖ్యయు మారును. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో నిర్మించిన గిట్, ప్రోగ్రాముల ప్రతి కూర్పునకును షా-1 అను హాష్‌నే పేరుగా నుంచెను. వెనుకటి కూర్పు పేరును అందు లెక్కకు వచ్చును గనుక, అవి ఒకే కడియమునకు గ్రుచ్చిన రేకులవంటివి.

ఆ యేడే చైనా పండితురాలు వాంగ్ షియావోయున్ బృందము షా-1 బలహీనతను చూపెను. 2017 ఫిబ్రవరిలో ఆంస్టర్‌డాం పరిశోధకులును గూగుల్‌వారును రెండు వేర్వేరు పత్రములకు ఒకే ముద్ర పడునట్లు చేసిరి. వెంటనే గిట్‌హబ్ అట్టి కపటమును పసిగట్టు పరీక్షను చేర్చుకొనెను. గిట్ కర్తలు 2018లో షా-256ను ఎన్నుకొనిరి. 2020లో అది ప్రయోగాత్మకముగా వెలువడెను. 2023లో గిట్‌ల్యాబ్ భాండారమును ప్రయోగముగానే దానికి చోటిచ్చెను.

ఇంత జాగేల? షా-1 పేరు 40 అక్షరములు, షా-256 పేరు 64. పాత పేర్లన్నియు మారవలెను. వానిని ఉదహరించిన లేఖలు దారి తప్పును. అయినను నెల్లూరు తీరమున కూర్చుండి దూరదేశపు కూర్పును దించుకొను యువకునకు ఆ ముద్రయే సాక్షి. ముద్ర విరిగిన పిదప సాక్ష్యము వెదకుటకన్న, ముందే గట్టి ముద్ర వేయుట మేలు గదా!