పూసలతో రోజుల లెక్క

చదువుకో ఉద్యోగానికో ఊరు వదిలి, బేగంపేట, అమీర్‌పేట గల్లీల్లో ఒక గది అద్దెకు తీసుకుని కాపురం పెట్టిన మన జంటలు ఇప్పుడు తక్కువేమీ కాదు. కాస్త నిలదొక్కుకునే దాకా బిడ్డ వద్దనుకుంటారు. మాత్రలంటే భయం. ఆపరేషన్ మాట అప్పుడే ఎందుకు? నెలసరి రోజులు లెక్కపెట్టుకుంటే చాలదా అన్న ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నను మన ప్రభుత్వమే ఒకప్పుడు పెద్ద ఎత్తున వేసి చూసింది.

అండం తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు విడుదలవుతుందని 1924లో జపాన్ వైద్యుడు ఒగినో చెప్పాడు. పిల్లలు లేనివారికి మేలు జరగాలని ఆయన కోరిక. లోకం మాత్రం ఆ లెక్కను తిరగేసి వాడుకుంది. గర్భనిరోధక సాధనాలను ఒప్పుకోని గాంధీజీ కూడా, వార్ధాకు వచ్చిన మార్గరెట్ శాంగర్‌తో జరిపిన చర్చలో, ఈ పద్ధతి పట్ల కొంత మెత్తబడ్డారు. ఆయన శిష్యురాలు రాజకుమారి అమృత్ కౌర్ తొలి ఆరోగ్య మంత్రి అయ్యాక ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం అడిగారు. 1951లో డాక్టర్ అబ్రహాం స్టోన్ వచ్చారు. 1952లో ఢిల్లీ లోదీ కాలనీలో, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో ప్రయోగం మొదలైంది.

స్త్రీలకు పూసల దండలు ఇచ్చారు. ఆకుపచ్చ పూస వస్తే భయం లేని రోజు, ఎర్రపూస వస్తే దూరంగా ఉండవలసిన రోజు. రోజుకో పూస జరపాలి. నేర్చుకుంటామన్నవారు చాలామంది, చివరిదాకా పాటించినవారు కొద్దిమందే. చీకట్లో రంగు తెలియలేదని, దండ మెడలో ఉంటే చాలనుకున్నారని, పచ్చపూసలన్నీ ముందే జరిపేశారని కథలు మిగిలాయి. ఆడవాళ్ల అమాయకత్వం మీద నవ్వుకోవడానికి అవి బాగా పనికొచ్చాయి. పూస జరిపేది ఆమె అయినా, ఎర్రపూస రోజున ఆగవలసింది ఇద్దరూ కదా అని ఎవరూ కథ చెప్పలేదు!

వస్తువుతో రోజులు లెక్కించడం ఆదివాసులకు కొత్త కాదు. పండగకు పిలుస్తూ సంతాలులు ముడులు వేసిన తాడు పంపేవారు. రోజుకో ముడి విప్పేవారు. చదువుతోనూ దీనికి పెద్ద పని లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన అధ్యయనంలో బెంగళూరు సహా ఐదు కేంద్రాల్లో 869 మంది స్త్రీలు పాల్గొన్నారు. వారిలో అక్షరం రానివారూ ఉన్నారు. ఒంటిలో కనిపించే తడిని బట్టి గర్భం నిలిచే రోజులను 93 శాతం మంది తొలి నెలలోనే గుర్తుపట్టారు.

ప్రభుత్వాలు మాత్రం కత్తివైపే మొగ్గాయి. ఒక్క 1976-77లో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువగా మగవాళ్లకు. ఆ కోపం చూశాక భారమంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇంకో దారి ఉందని వారిలో ఎందరికి చెప్పారు?

పూసలు మళ్లీ వచ్చాయి. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 32 పూసల మాల తయారుచేసింది. జార్ఖండ్‌లో దాన్ని 'మాలా చక్ర' అన్నారు. నెలసరి 26 నుంచి 32 రోజుల మధ్య వచ్చేవారికే ఇది. 8 నుంచి 19వ రోజు దాకా జాగ్రత్త. సరిగ్గా పాటిస్తే ఏడాదిలో నూటికి ఐదుగురికి గర్భం వస్తుంది. మామూలు వాడకంలో పన్నెండుగురికి. ఆ పన్నెండు రోజులు భర్త మాట వినని ఇంట్లో ఈ మాల పనిచేయదు. బిడ్డకు పాలిస్తూ నెలసరి ఇంకా కుదురుకోనివారు దీన్ని మొదలుపెట్టకూడదు. ముందు ఏఎన్ఎమ్‌ను అడగాలి.