చెవిలో చీము: ఒక పాత నమ్మకం, దాని పతనం

చెవి నుంచి చీము కారడం శరీరం తనలోని మాలిన్యాన్ని తానే వెళ్లగొట్టుకునే మార్గమని, దానిని ఆపితే ఆ విషం మెదడుకు ఎక్కుతుందని ఐరోపా వైద్యులు చాలాకాలం నమ్మి, చికిత్సకే వెనుకాడారు. పెద్దయితే అదే తగ్గిపోతుందనే మాట తెలుగు ఇళ్లలో నేటికీ వినిపిస్తుంది కనుక, ఆ నమ్మకాన్ని చూసి నవ్వే అర్హత మనకు అంతగా లేదు. సుశ్రుత సంహిత మాత్రం 28 కర్ణరోగాలను లెక్కించి, చెవి కారడమనే కర్ణస్రావం నుంచి దుర్వాసనతో కూడిన పూతికర్ణాన్ని వేరుచేసింది.

ఐరోపాలో ఆ నమ్మకాన్ని గట్టిగా ఎదిరించినవారిలో డబ్లిన్ వైద్యుడు విలియం వైల్డ్ ముఖ్యుడు. 1844లో కంటి, చెవి జబ్బులకు సెయింట్ మార్క్స్ ఆసుపత్రిని స్థాపించిన ఆయన, చెవి కారుతున్నంతకాలం అది ఎటు దారితీస్తుందో ఎవరూ చెప్పలేరని 1853 నాటి గ్రంథంలో హెచ్చరించి, చెవి వెనుక వాచినప్పుడు ఎముక తగిలేదాకా కోసి చీమును వదలాలని బోధించారు. అక్కడి మాస్టాయిడ్ ఎముక తేనెపట్టులా గాలి గదులతో నిండి, కర్ణభేరి వెనుకనున్న మధ్యచెవితో కలిసి ఉంటుంది. మెదడు పొరలకూ దానికీ మధ్య పలుచని ఎముక పలకే అడ్డు. ఆయన కుమారుడు, రచయిత ఆస్కార్ వైల్డ్, 1900లో పారిస్‌లో చెవికి శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాలకే మెదడు పొరల వాపుతో మరణించడం విధి వైపరీత్యమే.

ఎముకను తొలిచే సాహసం 18వ శతాబ్దంలోనే జరిగినా, వినికిడి కోసం ఆ పని చేయించుకున్న డెన్మార్క్ రాజవైద్యుడు బెర్గర్ 1791లో మరణించడంతో శస్త్రవైద్యులు దాదాపు దానిని వదిలేశారు. 1873లో జర్మనీలోని హాలేలో హెర్మన్ ష్వార్ట్జే, ఐసెల్ కలిసి ఏ స్థితిలో తొలవాలో, ఏ స్థితిలో కూడదో వివరించాకే అది చికిత్సగా నిలబడింది.

1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చాక మాస్టాయిడ్ చీము బాగా తగ్గింది కాని, 1838లో యోహానెస్ ముల్లర్ పేరుపెట్టిన కొలెస్టియటోమా తగ్గలేదు. కర్ణభేరి ఒకచోట సంచిలా లోపలికి కుంగి, అందులో రాలిన చర్మపు పొరలు పేరుకుని చుట్టూ ఎముకను తినివేసే ఈ రోగంలో కారేది కొంచెమే అయినా కుళ్లు వాసన వేస్తుంది. జలుబు చేసిన పిల్లల చెవి నుంచి ధారగా కారి, కొన్నాళ్లకు ఆగిపోయే చీము కన్నా ఇదే ప్రమాదకరం. సుశ్రుతుని విభజన విలువ ఇక్కడ తెలుస్తుంది. చుక్కల మందు వాసనను కొంతకాలం అణచగలదే తప్ప ఆ సంచిని తొలగించలేదు. అందువల్ల చెవి వెనుక వాపు, ముఖం ఒక పక్కకు వంగడం, తల తిరగడం, జ్వరంతో కూడిన తలనొప్పి తోడైతే నేటికీ ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరవలసిందే.