పటం అంటే గుడ్డ

ఇల్లు మారేటప్పుడు బీరువాలూ మంచాలూ ఎలాగోలా లారీ ఎక్కేస్తాయి. గోడమీది పటాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం "అది నా ఒళ్లో పెట్టుకుంటాను" అంటాం. మా గరివిడిలో 1950లలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చాక ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరారు. రిటైరయ్యాక క్వార్టర్సు ఖాళీ చేసి వెళ్లే ప్రతి ఇంట్లోనూ ఈ పటాల గొడవ చూస్తూనే ఉన్నాను. పూర్వం ఈ బెంగ ఇంతగా ఉండేది కాదేమో.

మన ఉత్తరాంధ్ర సవరల సంగతే చూడండి. సీతంపేట కొండల్లో ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండితో పెద్దల పేర, దేవతల పేర బొమ్మలు వేస్తారు. ఎడిసింగ్ అంటారు. గోడే కాన్వాసు. ఇల్లు మారితే బొమ్మ అక్కడే ఉండిపోతుంది. చెయ్యి వెంట వస్తుంది కదా, కొత్త గోడమీద మళ్లీ వేసుకుంటారు.

ఇక ఊరూరా తిరిగేవాళ్ల బొమ్మ వేరు. తెలంగాణలోని చేర్యాల నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల గంజి, సుద్ద, బంక కలిపి పూసి, ఆరాక దానిమీద బొమ్మలు వేసేవారు. అవి గీసేది నకాషీలు, కథ చెప్పేది వేరేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు అలాంటివారే. మూడడుగుల వెడల్పున పదుల అడుగుల పొడవుండే ఆ గుడ్డను చాపలా చుట్టి ఊరికి తెచ్చేవారు. రాత్రి కథ నడిచేకొద్దీ ఒక్కో వరస విప్పుతూ చూపించేవారు. దానికి ప్యాకింగంటూ వేరే లేదు, చుట్టడమే ప్యాకింగు. మరీ చిరిగి పాతబడితే నీళ్లలో వదిలేసి కొత్తది రాయించుకునేవారట. బి.ఏ.లో చదువుకున్నదాన్ని, ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను: పటం అంటే సంస్కృతంలో అసలు గుడ్డే. పటం కథ అన్నా, గాలిపటం అన్నా అందులో గాజు ఎక్కడుంది?

గాజు తరవాత వచ్చింది. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టాక లక్ష్మీ సరస్వతులు కాగితంమీద ఇంటింటికీ వచ్చారు. కాగితానికి చెమ్మా చెదలూ శత్రువులు కాబట్టి అద్దం, చెక్క చట్రం, వెనక అట్ట. "పటం కట్టించడం" అనే మాట మన ఇళ్లలో అలా స్థిరపడింది. అప్పటినుంచే మనకీ భయం.

మా అత్తగారికి వాళ్ల అత్తగారిచ్చిన లక్ష్మి పటం అలాంటిదే. సంక్రాంతి వెళ్లాక మేమూ క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. "అది పగిలితే నేను రాను" అని ఆవిడ ముందే చెప్పేశారు. కొట్టులో కొత్త అద్దం దొరుకుతుంది, ఆ కాగితం దొరకదు. అందుకే అద్దంమీద కాగితం టేపు అడ్డంగా నిలువుగా అంటించి పెట్టాను. పగిలినా ముక్కలు జారి బొమ్మను కొయ్యవు. ఉతికిన పాత నూలు చీర చుట్టి, నాలుగు మూలలకూ అట్ట తొడిగి, ఆ పైన బబుల్ షీటు వేశాను. పెట్టెలో పటాన్ని పడుకోబెట్టకూడదు, పళ్లేల స్టాండులో పళ్లెంలా నిలబెట్టాలి. పడుకోబెడితే ఎవరో ఒకరు దానిమీద మిక్సీ పెట్టేస్తారు.

బంగారు రేకూ రాళ్లూ ఉన్న తంజావూరు బొమ్మకు చట్రం ఊడదీస్తే మాత్రం ముఖంమీద టేపుగానీ ప్లాస్టిక్‌గానీ తగలనివ్వకండి, రేకు ఊడొస్తుంది. నూనెరంగుల కాన్వాసును చుట్టక తప్పకపోతే లావుపాటి గొట్టానికి, రంగు వైపు పైకుండేలా చుట్టాలి. లోపలికి చుడితే రంగు నలిగి మడతలు పడుతుంది. కొత్త ఇంట్లో సున్నం బాగా ఆరేదాకా పటాన్ని గోడకు తగిలించకండి, వెనక అట్ట చెమ్మ పీల్చేస్తుంది.