గడచినది కాదనక కలిసిన సంఘములు

నేను క్రైస్తవుడను గాను. ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. చిన్ననాడు గురువుగారి యొద్ద కావ్యములతోపాటు కొంత తర్కమును చదివితిని. తత్త్వము తెలిసికొనుటకు చేయునది వాదమనియు, ఎదుటివానిని గెలుచుటకు చేయునది జల్పమనియు ఆయన మొదటనే చెప్పిరి. ఆ భేదము నాకు చక్కగా బోధపడినది మాత్రము చాలకాలమునకు, ఒక శిష్యుని వివాహ సందర్భమున.

ఆ శిష్యుడు కృష్ణాజిల్లాలో దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన కుటుంబమున పుట్టినవాడు. పసితనముననే తలపై నీరు పోసి అతనికి బాప్తిస్మ మిచ్చిరి. పెద్దవాడై ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబములోని కన్యను వివాహమాడ నిశ్చయించుకొనెను. తెలిసి విశ్వసించినవానిని నీట ముంచి యిచ్చినదే బాప్తిస్మమని బాప్టిస్టుల సిద్ధాంతము. కావున వరుడు మరల బాప్తిస్మము పొందవలెనని అటువారు కోరిరి. ఇరువురికిని పరిచితుడనని నన్ను మధ్యవర్తిగా పిలిచిరి. వరుని తల్లి నావంక చూచి, “పంతులుగారూ, అయితే ఆనాడు నా బిడ్డకు జరిగినది ఏమీ కాదా?” అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. అది మొదలు ఈ సంఘముల చరిత్రను వెదకి చదువ నారంభించితిని.

మన తెలుగుదేశమునకు ప్రొటెస్టంటు మతము ఒక్క దారిని రాలేదు. 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమునకును, 1840లో అమెరికను బాప్టిస్టులు నెల్లూరికిని, 1841లో ఇంగ్లండు చర్చి మిషనువారు బందరుకును, 1842లో అమెరికను లూథరనులు గుంటూరునకును వచ్చిరి. ఒకరి చేనిలో నొకరు కోత కోయకుండుటకై, ఈ తాలూకాలు మీవి, ఆ తాలూకాలు మావి యని క్రమముగా ఎల్లలు ఏర్పరచుకొనిరి. దానివలన కలహము తగ్గెను. ఐకమత్యము మాత్రము కలుగలేదు. ఒక గ్రామస్థుడు ఏ సంఘమువాడు కావలెనో మనస్సాక్షి కాక భూగోళము నిర్ణయించుచుండెను. ఏటి కీవల నున్నవాడు ఒక సంఘము, ఆవల నున్న వాని బావమరిది వేరొక సంఘము. గట్టు వేసికొనిన పొలములలో తగవు లేకపోవచ్చును గాని, గట్టు గట్టే కదా!

ఈ స్థితిని దుస్సహముగా నెంచినవారిలో వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు ముఖ్యులు. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతమున జన్మించిరి. 1909లో దోర్నకలుకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెలలో సేవ చేసిరి. 1912లో దోర్నకలు బిషప్పై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు లైరి. 1919 మే నెలలో తరంగంబాడి యందు ముప్పదిముగ్గురు సమావేశమై సంఘముల ఐక్యమునకు పిలుపు నిచ్చిరి. వారిలో ఇరువురు తప్ప అందరును భారతీయులే. ఆంగ్లికనులకును, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలువారు 1908లో కలిసి స్థాపించుకొనిన దక్షిణ ఇండియా ఐక్య సంఘమునకును మధ్య సంప్రదింపు లారంభమైనవి. తరువాత మెథడిస్టులును చేరిరి.

చిక్కుముడి యెక్కడ? గురుపట్టము నొద్ద. బిషప్పు చేతులుంచి యిచ్చినదే సరియైన పట్టమని ఆంగ్లికనుల సంప్రదాయము. తక్కిన సంఘములలో బిషప్పులే లేరు. అట్టి సంఘముల గురువులకు మరల పట్టమిత్తు మన్నచో, వారును ఆ తల్లివలెనే అడుగుదురు: “ఇన్నాళ్లు మేము చేసిన సేవ ఏమియు కాదా?”

దీనిని విప్పుటకు ఇరువదియెనిమిదేండ్లు పట్టినది. చివరకు కుదిరిన పరిష్కార మిది: ఐక్యమగు నాటికి పట్టమంది యున్న గురువు లందరును ఉన్నవా రున్నట్లే అంగీకరింపబడుదురు, ఎవ్వరికిని పునఃపట్టము లేదు. అటుపిమ్మట నిచ్చు పట్టములలో మాత్రము బిషప్పులు చేతులుంచుదురు. బిషప్పు పదవిని అందరును అంగీకరింతురు గాని, దానికి ఒక్క వ్యాఖ్యానమునే నమ్మవలెనన్న నిర్బంధము లేదు. మనస్సాక్షి కొల్లని గురువును ఏ సంఘముపైనను రుద్దరాదు. ఎవ్వరును ఓడలేదు; ఎవ్వరిని గతమును కాదనుమని అడుగలేదు. నా గురువుగారు చెప్పిన వాద మిట్టిదే.

అజరయ్యగారు ఫలమును చూడలేదు. 1945 జనవరి 1వ తేదీన వారు పరమపదించిరి. ఆ నెలలోనే ఆంగ్లికనుల మహాసభ సమ్మతి తెలిపెను. 1947 సెప్టెంబరు 27న మదరాసు సెయింటు జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము వెలసెను. పదునాలుగు డయోసీసులతో అది ఆరంభమైనది, దోర్నకలు అందొకటి.

అంతటితో అంతయు చక్కబడె నని చెప్పను. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పలువురు నాడు కలియక విడిగా నిలిచిరి; 1970వ దశకమున గాని ఆ డయోసీసు చేరలేదు. 1948లో లాంబెత్తు సభకు వచ్చిన ప్రపంచ ఆంగ్లికను బిషప్పులు ఈ క్రొత్త సంఘపు పట్టముల విషయమున ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. లూథరనులు, బాప్టిస్టులు వెలుపలనే యుండిరి. అయినను 1964లో వారును, దక్షిణ ఇండియా సంఘమువారును కూడి రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను నెలకొల్పిరి. తరువాత అది హైదరాబాదునకు మారినది. ఏక సంఘము కాకున్నను ఒకే బల్లపై కూర్చుండి చదువవచ్చునని అది చూపుచున్నది.

ఇక నా శిష్యుని మాట. రెండు వైపుల పాస్టరుగార్లు ఒక సాయంకాలము మాటలాడుకొనిరి. సిద్ధాంతమును ఎవరును విడువలేదు. మరల బాప్తిస్మమన్న నిబంధనను పెండ్లినుండి వేరుచేసి, వరుని మనస్సాక్షికి విడిచిరి. వివాహము వరుని సంఘమున జరిగెను. వధువు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసిరి. ఆమె బంధువులలో కొందరు రాలేదు. వచ్చినవారు మాత్రము పురుషోత్తమ చౌదరిగారి కీర్తన నెత్తుకొనగా ఇరువైపులవారును పుస్తకము తెరువకయే కలిసి పాడిరి. ఆ తల్లి ముందు వరుసలో నిలిచి పాడుచుండెను. ఆమె ప్రశ్నకు ఎవ్వరును సమాధానము చెప్పలేదు. కాని ఆనాడు జరిగినది ఏమియు కాదని ఆమెతో ఎవ్వరును అనలేదు.