మూసిన బుడ్డిలో గాలి



మండు వేసవిలో సైకిలు షాపువాడు టైరుకు గాలి బిగించి కొట్టడు. ఎందుకని అడిగితే, "ఎండకి పేలిపోద్ది" అంటాడు. ఆ మాటలో ఒక భౌతికశాస్త్ర సూత్రం ఉంది. గాలి ఉన్న చోటు పెరగకుండా వేడి పెరిగితే దాని ఒత్తిడి పెరుగుతుంది. మనం ఒత్తిడి అనేదాన్నే మన పిల్లలు బడిలో కన్నడంలో 'ఒత్తడ' అనీ, తమిళంలో 'అళుత్తం' అనీ చదువుకుంటారు. మాట మారినా సూత్రం ఒకటే. దాన్ని కొలిచి చూపిన మనిషి గురించి ఈ పూట చెప్పుకుందాం.

ఆయన గియోమ్ అమాంటన్స్. 1663లో పారిస్‌లో పుట్టాడు. చిన్న వయసులోనే చెవుడు వచ్చింది. విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. మనసంతా పరికరాల తయారీ మీదే. ఆ రోజుల్లో ఏ రెండు ఉష్ణమాపకాలూ ఒకే లెక్క చూపేవి కావు. సెల్సియస్ కొలమానం 1742లో గాని రాలేదు. మరి వేడిని నమ్మకంగా కొలవడం ఎలా?

అమాంటన్స్ గాజు బుడ్డిలో గాలిని బంధించి, వంపు గొట్టంలో పాదరసం పోశాడు. వేడెక్కిన గాలి వ్యాపించబోతే పాదరసం బరువు అడ్డుకుంటుంది. ఆ పాదరసం ఎత్తే ఒత్తిడికి కొలత. మామూలు వాతావరణం నుంచి నీరు మరిగే వేడి దాకా ఒత్తిడి సుమారు మూడో వంతు పెరిగింది. బుడ్డిలో గాలి ఎక్కువున్నా తక్కువున్నా, మొదటి ఒత్తిడి ఒకటే అయితే పెరుగుదలా ఒకటే. ఇది 1702 నాటి మాట.

అసలు గొప్పతనం ఆ తరువాతి ఆలోచనలో ఉంది. వేడితో ఒత్తిడి పెరిగితే, చలితో తగ్గాలి. తగ్గుతూ తగ్గుతూ ఎక్కడో సున్న కావాలి. సున్నకంటె తక్కువ ఒత్తిడి ఉండదు కదా! అంటే చలికి ఒక అడుగు ఉందన్నమాట. ఆయన లెక్క నేటి కొలతలో సుమారు మైనస్ 240 డిగ్రీలు. సరైన విలువ మైనస్ 273.15. అంత నాటు సామగ్రితో అంత దగ్గరకు వచ్చాడు! 1848లో విలియం థామ్సన్ పరమ ఉష్ణోగ్రతామానాన్ని ప్రతిపాదించాడు. ఆయనే తరువాత కెల్విన్ ప్రభువు. నేటి కెల్విన్ మానంలో సున్న ఆ అడుగే.

లెక్క సులువే. డిగ్రీలకు 273 కలపండి. 27 డిగ్రీలు 300 అవుతుంది, 57 డిగ్రీలు 330 అవుతుంది. మూసిన పాత్రలో గాలి మొత్తం ఒత్తిడి పదో వంతు పెరుగుతుంది. వాడేసిన స్ప్రే డబ్బాలను నిప్పులో వేయవద్దనేది ఇందుకే.

చాలా పుస్తకాల్లో ఈ సూత్రానికి గే లుసాక్ పేరు కనిపిస్తుంది. 1802లో ఆయన వాయువుల వ్యాకోచాన్ని శ్రద్ధగా కొలిచిన మాట నిజమే. కాని ఒత్తిడి సంగతి అంతకు వంద సంవత్సరాల ముందే అమాంటన్స్ చెప్పాడు. మీ పిల్లలు ఆ పాఠం చదివేటప్పుడు ఈ పేరు కూడా చెప్పండి.