రన్‌వే స్థితి దీపాలు

రన్‌వే మీద ప్రమాదం పొంచి ఉన్నప్పుడు వాటంతట అవే వెలిగి పైలట్లను, వాహన చోదకులను ఆపే ఎర్ర దీపాల వ్యవస్థ. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ కోసం ఎంఐటీ లింకన్ లేబొరేటరీ దీన్ని అభివృద్ధి చేసింది. డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో 2005లో పరీక్షించారు.

నేల రాడార్లు, విమానాల ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే సంకేతాలను బట్టి ఏ విమానం ఎక్కడ, ఎంత వేగంతో ఉందో కంప్యూటర్ లెక్కగడుతుంది. రన్‌వే మీద విమానం వేగంగా వస్తుంటే, ఆ రన్‌వేను కలిసే టాక్సీవేలలో నేలలో పొదిగిన ఎర్ర దీపాలు వెలుగుతాయి. విమానం ఆ కూడలిని చేరడానికి కొన్ని సెకన్ల ముందు అక్కడివి ఆరిపోతాయి. ఎగరడానికి నిలిచిన విమానం ఎదుట రన్‌వే ఖాళీగా లేకపోతే హెచ్చరించేందుకు వేరే వరుస ఉంటుంది. కంట్రోలర్ ప్రమాదాన్ని గమనించి, మైకులో చెప్పి, పైలట్ విని ఆగేలోపు పోయే విలువైన క్షణాలు దీనివల్ల మిగులుతాయి. ఈ వ్యవస్థకున్న అసలు బలం ఇదే. అయితే దీపం ఆరడం అనుమతి కాదు. అనుమతి కంట్రోల్ టవర్ నుంచే రావాలి.

ఇలాంటి ఏర్పాటు ఎంత అవసరమో పాత ప్రమాదాలు చెబుతాయి. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది మరణించారు. 2001 అక్టోబరు 8న మిలాన్‌లోని లినాటే విమానాశ్రయంలో ఒక చిన్న జెట్ పొగమంచులో దారి తప్పి రన్‌వే మీదికి వచ్చింది. మరో విమానం దాన్ని ఢీకొని 118 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ పనిచేస్తున్న నేల రాడార్ లేదు.