జేజినాయన స్నూకర్ కర్ర

మా యరగేర ఇంట్లో, భోషాణంలో ఒక పాత స్నూకర్ కర్ర ఉంది. 1956 దాకా రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోదే గదా. ఆ రోజుల్లో జేజినాయన హైదరాబాదులో ఒక క్లబ్బులో మార్కరు. స్కోరు చెప్పడం, కర్రలు చూసుకోవడం ఆయన పని. ఈ ఆట మన దేశంలో పుట్టిందే: 1875లో జబల్పూరులో బ్రిటిష్ సైనికాధికారులు మొదలుపెట్టారు, 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసుకున్నారు.

మా కర్ర రెండు ముక్కలు. ఇప్పటి వాటిలా అతుకు దగ్గర ఇత్తడి మర లేదు. చెక్కలోనే మర చుట్లు కోసినారు. వానాకాలం ఉబ్బి బిగుస్తుంది, మా ఎండలకు ఎండి వదులవుతుంది. ఒకసారి నేనే బలంగా తిప్పి ఒక చుట్టు విరగ్గొట్టినాను. ఇత్తడిది వేయిద్దామంటే నాయన ఒప్పుకోలే.

"ఆయన చేయి అరిగిన కట్టె రా. తొలిచేస్తే ఏం మిగుల్తాది?"

అప్పటినుంచి పొడిగుడ్డతో తుడిచి, మరకు కొంచెం తేనెమైనం రాసి, వేళ్ల బలంతోనే బిగిస్తున్నాం. గోడకు ఆనిస్తే వంగుతుందని విప్పి పడుకోబెడతాం. ఆ విరిగిన చుట్టు అట్లే ఉంది, మిగిలినవి పట్టుకుంటున్నాయి. పిల్లలూ, మీ చేతికి వచ్చినాక గట్టిగా తిప్పొద్దు.